పొద్దున్న ఏడున్నరకి దిగిందనుకున్న మందు

ప్రశ్న: సిస్టరమ్మ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. నా వయసు 26. హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. నెలకు రెండు మూడుసార్లు స్నేహితులతో కూర్చుంటాను, అంతకు మించి అలవాటు లేదు. పోయిన నెల పాతపట్నం అవతల ఒక పల్లెలో స్నేహితుడి పెళ్లి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఒక స్ట్రాంగ్ బీరు, ఒక క్వార్టర్ తాగాను. రెండు బళ్ల మీద ఐదుగురం బయల్దేరాం. వెనక బండి మట్టిలో జారి మావాడొకడు పడ్డాడు. తల వెనక బొప్పి కట్టింది. పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. ఎవరి జేబులోనో ఒళ్లునొప్పుల బిళ్ల ఉంటే వేసి పడుకోబెట్టాం. దేవుడి దయ వల్ల వాడికేమీ కాలేదు. నేను మాత్రం పొద్దున్నే స్నానం చేసి, టీ తాగి, ఏడున్నరకి షాపుకి బయల్దేరి, అడ్డమొచ్చిన ఆవుని తప్పించబోయి కాలువలో పడ్డాను. రాత్రంతా ఏమీ కానివాణ్ణి పొద్దున్న పడ్డాను! మానేయమని చెప్పకండి, ఆ మాట అమ్మ రోజూ చెబుతోంది. క్షేమంగా ఇంటికి రావడం ఎలా, మర్నాడు తల పట్టేయకుండా ఏం చేయాలి? తా.క.: నిమ్మకాయ నీళ్లలో ఉప్పు వేసుకుంటే మంచిదా, పంచదారా? మాలో మాకు పందెం ఉంది.

సమాధానం:

బాబూ, మానేయమని చెప్పనులే. ముప్పై రెండేళ్లు నర్సుగా చేశాను, అందులో సగం రాత్రి డ్యూటీలే. మానేయమని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఎంతమంది మానేశారో మాత్రం వేళ్ల మీద చెప్పగలను. నువ్వడిగినవి తర్వాత చూద్దాం. నువ్వు అడగకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, ముందు అది. ఆ ఆవు సంగతి.

రాత్రంతా బాగుండి పొద్దున్న పడ్డానేమిటా అని నీకు ఆశ్చర్యంగా ఉంది. నాకేం ఆశ్చర్యం లేదు. పొద్దున్న ఏడున్నరకి నీకింకా దిగలేదు, అంతే.

లెక్కలు రాసేవాడివి కాబట్టి లెక్కే చెబుతాను. క్వార్టర్ అంటే 180 ఎంఎల్. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, ఎప్పుడైనా చదివావా? అంటే అందులో అసలు ఆల్కహాల్ 77 ఎంఎల్, తూకం వేస్తే 61 గ్రాములు. స్ట్రాంగ్ బీరు 650 ఎంఎల్, 8 శాతం దాకా ఉంటుంది. అందులో 41 గ్రాములు. బీరే కదా అని మీరు లెక్కలోకే తీసుకోని ఆ ఒక్క సీసా రెండు లార్జ్ పెగ్గులతో సమానం. రెండూ కలిపి 102 గ్రాములు. మన కాలేయం దీన్ని గంటకి 7 నుంచి 10 గ్రాముల దాకా కరిగిస్తుంది. దానికి తొందర తెలియదు. నువ్వు బతిమాలినా, పెళ్లివారు బతిమాలినా దాని నడక దానిదే.

మధ్యస్థంగా గంటకి 8 వేసుకో. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలుపెట్టావు, పొద్దున్న ఏడున్నరకి 11 గంటలైంది. 88 గ్రాములు పోయాయి, 14 మిగిలాయి. అరవై కిలోల మనిషికి ఆ మిగులు 100 ఎంఎల్ రక్తంలో ఇంచుమించు 34 మిల్లీగ్రాములకి వస్తుంది. మోటారు వాహనాల చట్టం హద్దు 30. అంటే నువ్వు స్నానం చేసి, టీ తాగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, తాగి బండి నడిపేవాడిగానే రోడ్డెక్కావు. నీ ఒళ్లు గంటకి 7 చొప్పున కరిగించే రకమైతే పదకొండు దాకా కూడా పూర్తిగా దిగదు. దీనికి తోడు ఆ రాత్రి నువ్వు నిద్రపోయింది ఎంత, నాలుగు గంటలా? ఆవు కనిపించడమే గొప్ప.

క్యాజువాలిటీలో రాత్రి పదకొండు నుంచి రెండు దాకా ఒక విడత వచ్చేవారు. అది ఊరందరికీ తెలిసిన విడతే. పొద్దున్న ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఇంకోటి ఉండేది, దాన్ని ఎవరూ తాగుడు ఖాతాలో రాయరు. ఒకబ్బాయి గుర్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి. బండికి తగిలించుకున్న క్యారేజీ పగిలి సాంబారంతా చొక్కా మీద ఎండిపోయింది. చెయ్యి మణికట్టు పైన విరిగి వంకర తిరిగింది. చొక్కా చెయ్యి కత్తిరిద్దామని వంగితే టూత్‌పేస్టు వాసన, దాని వెనకాల రాత్రి వాసన. "రాత్రి తాగాను సిస్టర్, పొద్దున్న చుక్క ముట్టలేదు, అమ్మ తోడు" అన్నాడు. అబద్ధం కాదది. నిద్రపోతే దిగిపోతుందని అందరిలాగే నమ్మాడు. నిద్రకీ కాలేయానికీ సంబంధం లేదు. నువ్వు పడుకున్నా కూర్చున్నా గంటకి అంతే.

చన్నీళ్ల స్నానం, కాఫీ, ఆవకాయ నాకడం, వేలు పెట్టి కక్కడం, ఊరు చుట్టూ నడవడం, ఇవేవీ ఆ గ్రాముల్ని తగ్గించవు. కాఫీ తాగితే నిద్రమత్తు పోతుంది కానీ మందు పోదు, బాగా మెలకువగా ఉన్న తాగుబోతు మిగులుతాడు. కక్కితే కడుపులో ఉన్నది వస్తుంది, అప్పటికే రక్తంలో కలిసింది రాదు. కాబట్టి తాగిన మర్నాడు పొద్దున్న బండి తీయకు. నడిచి వెళ్లు. పర్లాకిమిడి ఎంత ఊరని! అంతగా అయితే షాపు యజమానికి ముందురోజే చెప్పుకో, పెళ్లికి వెళ్తున్నాను, రేపు పదకొండుకి వస్తానని. జీతం కోస్తే కోస్తాడు. కట్టు కట్టించుకోవడానికి అంతకన్నా ఎక్కువే అవుతుంది.

ఇక రాత్రి ఇంటికి చేరడం. ఇది మొదటి గ్లాసు ఎత్తకముందే తేలిపోవాలి. తాగాక తేల్చుకుందామంటే కుదరదు. మూడో పెగ్గు తర్వాత "నాకేం కాలేదు, నేను నడుపుతాను" అని తీర్పు చెప్పే బుర్ర ఉంది చూడు, అన్నిటికన్నా ముందు తడిసేది అదే.

మా చెల్లెలి కొడుకు పెళ్లి కాశీనగర్‌లో అయింది. సాయంత్రం పందిరి దగ్గర మా చెల్లెలు ఒక పెద్ద స్టీలు డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడింది. బండి మీద వచ్చిన ప్రతి మగపిల్లాడినీ "తాళం ఇందులో వేసి లోపలికి వెళ్లు నాన్నా" అంది. అందరూ నవ్వారు కానీ వేశారు, పెళ్లికొడుకు తల్లి కదా, కాదంటే ఎలా? పదకొండు తాళాలు పోగయ్యాయి. డబ్బా బీరువాలో పెట్టి, బీరువా తాళం కొంగుకి ముడేసుకుంది. రాత్రి పన్నెండింటికి దాని మరిదే వచ్చి గొడవ. "నా మీద నమ్మకం లేదా వదినా?" అన్నాడు. "పగలు ఉంది బాబూ, రాత్రిపూట లేదు" అంది. మర్నాడు అందరికీ టిఫిన్లు పెట్టి, పదిన్నరకి బీరువా తీసింది. గ్రాముల లెక్క దానికేం తెలియదు. టిఫిన్ తినకుండా ఎవరూ పోకూడదని దాని పట్టుదల. లెక్క మాత్రం చాలావరకు సరిపోయింది.

నీకు అలాంటి పెద్దమ్మ దొరక్కపోతే నువ్వే వెళ్లి తాళం ఇచ్చిరా. పెళ్లికొడుకు తల్లికో, వంటమనిషికో, తాగని మనిషి ఎవరైనా సరే. "పొద్దున్న దాకా నేను అడిగినా ఇవ్వకండి" అని చెప్పు. సిగ్గుపడకు. ఆడవాళ్లు దాన్ని తప్పుగా అనుకోరు, ఇంకో ఇద్దరి తాళాలు కూడా లాక్కుంటారు.

మన ఒడిశా, ఆంధ్రా సరిహద్దు ఊళ్లలో అదనపు చిక్కు ఒకటుంది. 2019లో ఆంధ్రాలో షాపులు ప్రభుత్వం తీసుకుని, రేట్లు పెరిగి, పేరు తెలియని బ్రాండ్లు వచ్చినప్పుడు అటువాళ్లు ఇటొచ్చి తాగేవారు. 2024 అక్టోబరులో అక్కడ మళ్లీ ప్రైవేటు షాపులు తెరిచాక మన కుర్రాళ్లలో కొందరికి అటే రుచి. చుట్టరికాలూ రెండువైపులా ఉన్నాయి, పెళ్లిళ్లూ రెండువైపులా. ఎటు వెళ్లినా తాగేది అక్కడ, పడుకోవాల్సింది ఇక్కడ, మధ్యలో రాత్రి రోడ్డు. బోర్డర్ దాటేస్తే మనల్ని ఎవరూ అడగరని ఒక ధీమా కూడా చూశాను. పోలీసులు మారతారు, చట్టం మారదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 రెండువైపులా ఒకటే: మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారికి 15,000, రెండేళ్ల దాకా. పైగా మీరు ఒక బండి మీద ముగ్గురు. దాని గురించి విడిగా తిట్టాలి కానీ చోటు లేదు.

ఆటో మాట్లాడుకుంటాం అంటే మంచిదే. కానీ రాత్రి ఒంటిగంటకి పల్లెలో ఆటో ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రం ఆరింటికే మాట్లాడుకో, సగం డబ్బు చేతిలో పెట్టు, ఎన్నింటికి రావాలో చెప్పు. ఐదుగురు పంచుకుంటే తలా ఏమంత పడదు. ఇంకో మాట, ఆ ఆటో అతను వచ్చాక "రా భాయ్, ఒక్క పెగ్గు" అని కూర్చోబెట్టకండి. మర్యాద అనుకుంటారు మీరు. ఆ మర్యాద ఆటోలు కూడా మా క్యాజువాలిటీకి వచ్చాయి.

మీలో ఒకడు తాగకుండా ఉండి నడుపుతాడంటే ఇంకా మంచిది. అయితే "తక్కువ తాగినవాడు" వేరు, "తాగనివాడు" వేరు. మీ కుర్రాళ్లు ఎప్పుడూ మొదటివాణ్ణే ఎంచుకుంటారు. ఎవరు తాగకూడదో ఇంటి దగ్గరే అనుకోండి, వాడికి ఆ రోజు బిర్యానీలో ముక్కలు ఎక్కువ వేయండి, వచ్చేసారి వంతు మార్చండి. అన్నిటికన్నా తేలికైనది మాత్రం అక్కడే చాప పరుచుకుని పడుకోవడం. పెళ్లివారింట్లో ఒక మనిషి ఎక్కువైతే ఎవరికీ బరువు కాదు. రాత్రి తొమ్మిదింటికి, నాలుక తిన్నగా తిరుగుతున్నప్పుడే, అమ్మకి ఫోన్ చేసి రేపు వస్తానని చెప్పు. ఒంటిగంటకి నువ్వు చేసే ఫోన్ కన్నా తొమ్మిదింటికి చేసిన ఫోనే ఆవిడకి నిద్ర పట్టిస్తుంది.

దగ్గరే కదా, నడిచి వస్తాం అనేవాళ్లకి రెండు మాటలు. ఎదురొచ్చే బళ్లు కనిపించేలా రోడ్డుకి కుడిపక్కన నడవండి, తెల్ల తువ్వాలు భుజాన వేసుకోండి, ఫోన్ లైటు వెలిగించుకోండి. నౌపడా గుణుపూర్ రైలు పట్టాల మీద కూర్చోవడం, అడ్డదారని పట్టాలెంట నడవడం వద్దు. దారిలో కల్వర్టు మీదో, చెరువు గట్టు మీదో కాస్త నడుం వాలుద్దాం అనిపిస్తుంది, అదీ వద్దు. కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు. మామూలు మనిషే ఒక్కోసారి నిద్ర లేవడు, ఇక తాగినవాడి సంగతి చెప్పాలా?

ఇప్పుడు నాకు కోపం వచ్చిన చోటుకి వద్దాం. తల వెనక బొప్పి కట్టినవాణ్ణి బిళ్ల వేసి పడుకోబెట్టారు.

తాగి పడుకున్నవాడూ, తలలోపల రక్తం కారుతున్నవాడూ మొదటి రెండు మూడు గంటలు ఒకేలా ఉంటారు బాబూ. మాట ముద్దగా వస్తుంది, వాంతి అవుతుంది, లేపితే విసుక్కుంటాడు. తేడా తర్వాత తెలుస్తుంది: తాగినవాడు గంట గంటకీ తేరుకుంటాడు, రెండోవాడు గంట గంటకీ మునిగిపోతాడు. అప్పటికి మీరందరూ నిద్రలో ఉంటారు. అన్నీ చూసిన మాకే ఆ తేడా చెప్పడం కష్టంగా ఉండేది, స్కాన్‌కి పెద్ద ఊరు పంపి కూర్చునేవాళ్లం. పైగా మీరు వేసిన ఒళ్లునొప్పుల బిళ్లలో చాలావాటికి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉంటుంది. కారే రక్తానికి దారి ఇచ్చినట్టు. కాబట్టి తాగినవాడికి తలకి దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, ఆసుపత్రికే. మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించినా, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లో రక్తమో వచ్చినా, మూర్ఛ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా ఇంకేం ఆలోచించొద్దు, 108కి చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ ఆ నంబరే.

కేసు భయం గురించి కూడా చెబుతాను. ప్రమాదంలో దెబ్బ తగిలినవాడు వస్తే ఆసుపత్రిలో ఎంఎల్‌సి, అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తాం. అది రికార్డు. అది రాసినంత మాత్రాన తీసుకొచ్చినవాడి మీద కేసు పెట్టినట్టు కాదు. దారిన పోతూ సాయం చేసినవాణ్ణయితే పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు, దానికోసమే 2019లో చట్టంలో 134ఎ అనే సెక్షన్ చేర్చారు. బండి నడిపినవాడు తాగి ఉంటే వాడికి ఇబ్బంది ఉంటుంది, లేదనను. ఆ ఇబ్బంది జరిమానాతోనో, జైలుతోనో తీరుతుంది. మీవాడి తల్లికి మీరు చెప్పుకోవాల్సి వచ్చే జవాబు దేంతోనూ తీరదు.

దెబ్బేమీ తగలకుండా ఊరికే తాగి పడిపోయినవాణ్ణి కూడా వెల్లకిలా వదిలేయకండి. పక్కకి తిప్పండి, పైకాలు మోకాలి దగ్గర ముందుకి మడవండి, చెయ్యి చెంప కింద పెట్టండి. వాంతి వస్తే బయటికి పోవాలి, లోపలికి కాదు. స్పృహలో లేనివాడి నోట్లో నిమ్మరసం పోయడం చాలాసార్లు చూశాను, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కన ఒకడు మేలుకుని ఉండాలి. ఊపిరి నిమిషానికి ఎనిమిది సార్లకన్నా తక్కువైనా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు పట్టినా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారినా అది నిద్ర కాదు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు మందు అసలే ముట్టకూడదు, రెండూ కలిసి ఊపిరిని ఆపేస్తాయి. మీ గుంపులో షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాడు ఉంటే వాణ్ణి ఖాళీ కడుపుతో తాగనివ్వకండి. షుగరు పడిపోయినవాడు అచ్చం తాగి తూలేవాడిలాగే కనిపిస్తాడు, ఎవరూ పట్టించుకోరు.

అయ్యో, నీ తలనొప్పి మాట మర్చిపోయాను. నిజానికి దాని గురించి చెప్పడానికి తక్కువే ఉంది.

ఆల్కహాల్ ఒంట్లో నీరు నిలిపే హార్మోన్‌ని అణిచేస్తుంది, అందుకే రాత్రి అన్నిసార్లు లేస్తావు. కడుపు లోపలి పొరని రేపుతుంది. నిద్ర పట్టినట్టే ఉంటుంది కానీ తెల్లవారుజామున ముక్కలు ముక్కలవుతుంది. తల పట్టేయడం అన్నది మందు దిగిపోవచ్చినప్పుడు ముదురుతుంది. అందుకే కొందరు పొద్దున్నే ఇంకో పెగ్గు వేస్తే తగ్గిందంటారు. తగ్గడం కాదు, మధ్యాహ్నానికి వాయిదా పడింది. నీకు అలాంటిదేం లేదు కానీ, మీలో ఎవడికైనా పొద్దున్న పెగ్గు పడితే తప్ప చేతుల వణుకు ఆగకపోతే అది హ్యాంగోవర్ కాదు. వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటివాడు తనంతట తాను ఒక్కసారిగా మానేసినా మూర్ఛలొచ్చే ప్రమాదం ఉంది.

విస్కీకి తలనొప్పి వస్తుంది, వోడ్కాకి రాదు అని మీలో వాదం ఉండే ఉంటుంది. ముదురు రంగు మందుల్లో తలనొప్పి తెచ్చే పదార్థాలు ఎక్కువ అన్నది కొంత నిజమే. కాకపోతే మన దగ్గర దొరికే చవక విస్కీ, బ్రాందీ చాలావరకు మొలాసిస్ (చెరుకు మడ్డి) స్పిరిట్‌కి రంగూ వాసనా కలిపినవే, రంగు చూసి ఏం తెలుస్తుంది? తేడా చేసేది ఎంత తాగావన్నదే. 60 ఎంఎల్ లార్జ్‌లో 20 గ్రాములుంటాయి. దాన్ని కరిగించడానికి కాలేయానికి రెండు గంటలు పైనే కావాలి. నేను నెమ్మదిగా గంటకొకటి తాగుతాను అని గొప్పగా చెప్పేవాడు కూడా దానికన్నా రెండింతలు ముందు పరిగెడుతున్నాడు.

కాబట్టి కూర్చోకముందే అన్నం తిను. పెరుగన్నమో, పప్పూ గుడ్డూ వేసుకునో, కడుపు నిండా. మిక్చర్, పల్లీలు అన్నం కిందికి రావు. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య గ్లాసు నీళ్లు తాగు. దానివల్ల హ్యాంగోవర్ పూర్తిగా పోదు కానీ దాహం తగ్గుతుంది, చెయ్యి కూడా కాసేపు నీళ్ల గ్లాసు మీద ఉంటుంది. ఎనర్జీ డ్రింకులు కలపకండి, ఎంత తాగారో తెలియనివ్వవు. పదిన్నర తర్వాత కొత్త పెగ్గు పోసుకోకు. ఒంటిగంట దాకా కూర్చుని అంత తాగావు కాబట్టే ఏడున్నరకి మిగిలింది.

మర్నాడు లేచాక ముందు నీళ్లు. తర్వాత మన ఇళ్లల్లో ఉండనే ఉంది, తరవాణి, అదే పులిసిన అన్నం నీళ్లు. పక్కింటి ఒడియావాళ్లు పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) మీది నీళ్లని తొరాణి అంటారు. పేరూ ఒకటే, పులుపూ ఒకటే, నువ్వు ఎవరింట్లో అడిగినా ఒక గిన్నెడు పోస్తారు. అందులో ఉప్పేసుకుని తాగు. కాసేపయ్యాక ఇడ్లీ, అరటిపండు. ఎండలోకి పోకుండా మళ్లీ పడుకో. తలనొప్పికి బిళ్ల అంటావా, ఒళ్లునొప్పుల బిళ్లలు రేగిపోయిన కడుపుని ఇంకా రేపుతాయి, పుండు పడి రక్తం వచ్చినవాళ్లని చూశాను. పారాసిటమాల్ తాగిన రాత్రే వేసుకోకు. మర్నాడు తిన్నాక, ఎప్పుడో ఒకసారి తాగే నీలాంటివాడు ఒక 500 బిళ్ల వేసుకుంటే వేసుకోవచ్చు. రోజూ తాగేవాళ్లూ, కామెర్లు వచ్చినవాళ్లూ డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోకూడదు.

హ్యాంగోవర్ అనుకుని ఊరుకోకూడనిది ఇంకొకటి ఉంది. పెళ్లిళ్లలో మందు అయిపోయాక ఎవడో ఒకడు లేచి, ఫలానా ఊళ్లో సారా దొరుకుతుంది, తెస్తానంటాడు. కొండ ఊళ్లలో జీలుగు కల్లు తాగుతారు, ఇప్పసారా కాస్తారు, వాటి సంగతి నేను ఎత్తడం లేదు. డబ్బాల్లో వచ్చే ఊరూ పేరూ లేని సారా గురించి చెబుతున్నాను. అందులో మిథనాల్ అనే విషపు స్పిరిట్ కలిసి ఉండొచ్చు. రంగులో, వాసనలో తెలియదు. 1992లో కటక్‌లో అలాంటి సారాకి 200 మందికి పైగా పోయారు. 2024 ఆగస్టులో మన పక్క గంజాం జిల్లా చికిటి దగ్గర నాటుసారా తాగి మనుషులు చనిపోయారు. దీనిలో మోసం ఏమిటంటే ఆ రాత్రి ఏమీ ఉండదు, మామూలు మత్తే. పన్నెండు గంటలకో, మర్నాటికో మొదలవుతుంది: కడుపునొప్పి, ఆయాసం, కళ్ల ముందు మంచు కమ్మినట్టు మసక. తలనొప్పితో పాటు చూపు మసకబారితే మజ్జిగ తాగించి పడుకోబెట్టకండి. ఆసుపత్రికి తీసుకెళ్లి సారా తాగాడని సిగ్గుపడకుండా చెప్పండి. దానికి విరుగుడు ఉంది, వేళకి పడితే చూపూ ప్రాణమూ దక్కుతాయి. వాడితో కలిసి తాగినవాళ్లు బాగానే ఉన్నా వాళ్లనీ తీసుకెళ్లండి.

పందెం సంగతి. మీలో ఎవరూ గెలవలేదు. ఉప్పూ కావాలి, పంచదారా కావాలి. పేగు ఉప్పుని లోపలికి లాక్కోవడానికి చక్కెర సాయం పడుతుంది, రెండూ లాగితే వెనకే నీళ్లు పోతాయి. కలరా వార్డులో మేము చేసిందీ ఇదే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి, గుట్టగా కాదు. నిమ్మకాయ రుచికి పిండుకో. పందెం డబ్బులు ఎంతో రాయలేదు కానీ, ఆ డబ్బు వచ్చే పెళ్లికి ఆటో అతని చేతిలో పెట్టండి.